ఎండియు చావని ప్రాణులు



నేడు నేను మీకు మనవి చేయదలచిన విషయము ఎక్కడనో దూరదేశమున వెదకవలసినది కాదు. అది మీ యింటిలోనే, విత్తనపు కుండలోనే యున్నది. గడచిన పంటలో ఏఱి దాచిన గింజలను ఒక గుప్పెడు చేతిలోనికి తీసికొని చూడుడు. అవి కదలవు, పెరుగవు, ఇసుకవలె పొడిగా చేతికి తగులును. ఐనను వానియందు ప్రాణమున్నదని మీరు నమ్మి, వచ్చు ఏటి మీ కుటుంబపు అన్నమంతయు ఆ నమ్మకముమీదనే నిలుపుచున్నారు. నీరు లేనిచో ప్రాణము లేదని మనము చిన్ననాటినుండి వినుచున్నాము గదా! మఱి నీరు ఆఱిపోయిన గింజలో ఆ ప్రాణము ఏ రూపమున నిలిచియున్నది? ఈ ప్రశ్నకు శాస్త్రజ్ఞులు కనుగొన్న సమాధానమును సులభమైన మాటలలో చెప్పుటకు ప్రయత్నింతును. ఇది వేడుకకు వినదగిన సంగతి మాత్రమే కాదు. విత్తనము ఎట్లు బ్రదుకును, ఎట్లు చచ్చును అను లెక్క యంతయు ఇందులోనే యున్నది.

మొదట కొలతలు చూతము. మనిషి బరువులో సుమారు నూటికి 60 పాళ్ళు నీరు. అతని బరువులో పదియవ వంతు నీటి రూపమున పోయినచో ప్రాణమునకే అపాయము. బాగుగా ఆఱిన వరివిత్తనములో నూటికి 13 పాళ్ళకు మించి నీరుండదు. కొన్ని చిన్న ప్రాణులు 3 పాళ్ళ నీటితోనే సంవత్సరములు గడపి మరల లేచుచున్నవి.

చెఱువు ఎండినప్పుడు కప్పలు బురదలో దూరి, తొలకరికి మరల పైకి వచ్చుటను మీరు చూచియే యుందురు. అవి నిజముగా ఎండినవి కావు. ఒంటిలోని నీటిని పదిలపఱచుకొని మెల్లగా శ్వాసించుచు కాలము గడపునవి. నేను చెప్పబోవునవి అట్టివి కావు. ఇవి నీటిని దాచుకొనవు, దానిని పోనిచ్చును.

ఈ వింతను మొదట వ్రాసి పెట్టినవాడు హాలండు దేశమునందలి డెల్ఫ్టు పట్టణమున బట్టల వర్తకము చేసిన లీవెన్‌హుక్. ఆయన తాను స్వయముగా చేసికొన్న సూక్ష్మదర్శినితో, ఇంటికప్పు నీటితొట్టెలో ఎండియున్న మట్టిని పరీక్షించెను. ఆ పొడి దుమ్ముపై నీరు పోయగా, కొంతసేపటికి అందులో కంటికి కనబడని చిన్న జీవులు ఈదులాడసాగెను. ఈ సంగతి 1702లో లండనులోని రాయల్ సొసైటీకి ఆయన వ్రాసిన లేఖలో నున్నది. ఆ జీవుల తలమీద చక్రములు తిరుగునట్లు సన్నని వెండ్రుకలు కదలుచుండును గనుక వానిని చక్రజీవులందము. తరువాత 1743లో నీడ్‌హామ్ అను పండితుడు, రోగము తగిలి నల్లబడిన గోధుమగింజలను చీల్చి నీటిలో వేయగా, అందులోని ఎండిన నారలవంటివి సన్నని పురుగులై మెలికలు తిరిగెను.

చచ్చినవి లేచుట యెట్లు పొసగునని విద్వాంసులలో వాదములు చెలరేగెను. కొందఱు ఆ జీవులు లోపల ఎక్కడనో చెమ్మ దాచుకొనియున్నవనిరి. మఱికొందఱు అవి పూర్తిగా ఎండియే మరల లేచుచున్నవనిరి. తుదకు పారిసు నగరములోని జీవశాస్త్ర సంఘము ఒక పరీక్షకమండలిని నియమించెను. ఆ మండలి పక్షమున బ్రోకా అను వైద్యపండితుడు 1860లో, పరీక్షకు సాధ్యమైనంత మేరకు పూర్తిగా ఎండిన జీవులుకూడ మరల చైతన్యము పొందునని తేల్చెను. 1959లో కేంబ్రిడ్జి శాస్త్రజ్ఞుడు కీలిన్ ఈ స్థితికి క్రిప్టోబయోసిస్ అని పేరు పెట్టెను. దానిని మనము గుప్తజీవనము అనవచ్చును. చావు వేఱు, ఈ స్థితి వేఱు. చచ్చినదానిలో కట్టడము చెదరిపోవును. దీనిలో పని ఆగును గాని కట్టడము చెదరదు.

ఈ విషయమున అందఱినుండి ఎక్కువగా పాఠము చెప్పినది ఒక దోమవంటి ఈగయొక్క పిల్లపురుగు. ఇది ఆఫ్రికాలోని ఉత్తర నైజీరియా, ఉగాండా ప్రాంతములలో, బండఱాళ్ళమీది చిన్న గుంటలలో నివసించును. వాన పడిన గుంట నిండును. నాలుగు ఎండలు కాసిన ఇంకిపోవును. పురుగుకూడ గుంటతోబాటు ఎండిపోవును. ఇంగ్లండులోని హింటన్ అను కీటకశాస్త్రజ్ఞుడు ఎండిన పురుగును 102 డిగ్రీల వేడికిని, సున్నకు దిగువ 270 డిగ్రీల చలికిని గుఱిచేసి, అది బ్రదికియున్నదని 1960లో ప్రకటించెను. నీటిలో వేసిన గంటసేపటికి అది కదలసాగును. అదే పురుగు తడిగా నున్నప్పుడు మఱుగుచున్న నీటిలో వేసిన క్షణములో చచ్చును. అనగా దాని బలము ఎండుటలోనే యున్నది.

జపాను శాస్త్రజ్ఞులు వటనాబె, ఒకుడ ప్రభృతులు ఇదే పురుగును రెండు విధముల ఎండబెట్టి చూచిరి. కొన్నిటిని రెండు దినములు పట్టునట్లు మెల్లగా ఎండించిరి. అవి నీరు తగులగానే లేచెను. మఱికొన్నిటిని వేగముగా ఎండించిరి; అవి లేవలేదు. రెండింటిలోను నీరు పోయినది. భేదమెక్కడ వచ్చెను? మెల్లగా ఎండినవానిలో ట్రెహలోసు అను ఒక చక్కెర, పొడి బరువులో అయిదవ వంతు దాక, పోగుపడియుండెను. వేగముగా ఎండినవానికి ఆ చక్కెరను చేసికొనుటకు వ్యవధి చిక్కలేదు. ఈ పురుగు తన చుట్టు లాలాజలముతోను మట్టితోను చిన్న గొట్టమువంటి గూడు కట్టుకొనును. ఆ గూడు ఎండుటను ఆలస్యము చేసి, సిద్ధపడుటకు దానికి గడువిచ్చును. కావున చంపునది ఎండుట కాదు, సిద్ధపడక ఎండుట.

ఇక ఆ సిద్ధపాటు ఏమో తెలియవలెనన్న, జీవకణములో నీరు చేయు పని తెలియవలెను. మన దేహమైనను, గింజయైనను జీవకణములనబడు చిన్న చిన్న గదులతో కట్టబడినది. ఆ గదికి గోడ సన్నని కొవ్వుపొర. అందులో కొవ్వు అణువులు రెండు వరుసలుగా, తలలు వెలుపలికి, తోకలు లోపలికి ఉండునట్లు నిలిచియుండును. తలల నడుమ నీటి అణువులు దూరి వానిని ఎడముగా నుంచును. అందుచేత పొర కరగిన నేతివలె మెత్తగా నుండును. నీరు పోయినచో తలలు ఒకదానిపై నొకటి ఒత్తుకొని, ఎండకాలమునందును ఆ పొర చలికాలపు నేతివలె పేరుకొనును. మరల నీరు తగిలినప్పుడు అది ఒకచోట కరగి, ఒకచోట కరగక, నడుమ సందులు పడును. గదిలోని సరకంతయు ఆ సందులలోనుండి కారిపోవును. ఎండిన ప్రాణి ఎక్కువగా చచ్చునది ఎండునప్పుడు కాదు, ఇట్లు తడియునప్పుడే.

రెండవ నష్టము మాంసకృత్తులది. కణములో పనులన్నియు చేయునవి ఇవే. ఒక్కొక్క మాంసకృత్తు పొడవైన దారము ఒక ప్రత్యేకమైన ఉండగా చుట్టుకొనినట్టిది. ఆ ఆకారమే దాని పనితనము. ఆ ఆకారమును నిలుపునది చుట్టునున్న నీరు. నీరు పోగానే అవి ఆకారము చెడి, పాలు విఱిగి ముద్దకట్టినట్లు, ఒకదానికొకటి అంటుకొనును. విఱిగిన పాలను మరల పాలు చేయలేము గదా! మూడవది, సంతానమునకు లక్షణములు మోసికొనిపోవు డి.ఎన్.ఎ. అను దారము అక్కడక్కడ తెగును.

ఈ మూడు ఆపదలకు ప్రాణులు కనుగొన్న మొదటి మందు చక్కెర. అమెరికాలోని డేవిస్ నగరమున జాన్ క్రో, లోయిస్ క్రో అను దంపతులు ఈ రహస్యమును శోధించి, 1984లో తమ సహచరులతో కూడ ప్రకటించిరి. నీరు వెడలిపోవుచుండగా ట్రెహలోసు అణువులు కొవ్వుతలల నడుమ దూరి, నీరు కూర్చుండిన పీటలమీద తాము కూర్చుండును. తలలు ఒత్తుకొనవు, పొర పేరుకొనదు. మాంసకృత్తుల చుట్టును ఇట్లే చేరి వాని ఆకారమును నిలుపును.

ఏ చక్కెరయైనను ఈ పనికి రాదు. ద్రాక్షచక్కెర యనబడు గ్లూకోజునకు ఒక కొన విడిగా నుండును. ఆ కొనతో అది మాంసకృత్తులను పట్టుకొని క్రమముగా చెఱచును. ట్రెహలోసులో రెండు గ్లూకోజు అణువులు తమ విడి కొనలను ఒకదానితో నొకటి ముడివేసికొన్నవి గనుక ఆ భయము లేదు. రొట్టెలను పొంగించుటకు పొడిగా అమ్ము ఈస్టులో ఈ చక్కెరయే కలదు. మన కోస్తాతీరమున రొయ్యపిల్లలను పెంచు కేంద్రములలో ఆహారముగా పొదిగించు ఆర్టీమియా గ్రుడ్లలోను ఇదియే కలదు. ఆ గ్రుడ్లు డబ్బాలో గోధుమరంగు పొడివలె నుండును. ఉప్పునీటిలో వేసిన సుమారు ఒక దినములో పిల్లలగును. ఇక పంటగింజలు వాడుకొనునది మీకు చిరపరిచితమైన చెఱకు చక్కెర. దానికిని రెండు కొనలు ముడివడియే యున్నవి.

చక్కెర చేయు రెండవ పని వంటయింటి పోలికతో తెలియును. చక్కెర పాకమును బాగుగా ముదురనిచ్చి పళ్ళెములో పోసి త్వరగా చల్లార్చినచో అది గాజుపలకవలె గట్టిపడి, తట్టిన పెళుసుగా విఱుగును. పటికబెల్లము అట్టిది కాదు. అందులో అణువులు వరుసలు తీరి పలుకులు కట్టినవి. గాజువంటి పాకములో అణువులు వరుస తీరలేదు. సంతలో తిరుగుచున్న జనము ఎక్కడివారక్కడ ఒక్కసారిగా నిలిచిపోయినట్లు, అవి ఉన్నచోటనే నిలిచిపోయినవి. ఎండిన గింజ లోపలగూడ ఇదే జరుగును. కణములోని సరకంతయు చక్కెరతోను మాంసకృత్తులతోను కలిసి గాజువలె బిగిసిపోవును. చెడుట యనగా అణువులు కదలి ఒకదానితో నొకటి కలియబడుటయే గదా! కదలిక ఆగినచోట చెడుటయు మిక్కిలి మందగించును. ఆఫ్రికా పురుగు ఎండినప్పుడు దాని ఒళ్ళంతయు ఇట్లే గాజుస్థితి పొందుననియు, ఆ స్థితి చెడినచో అది బ్రదుకదనియు జపాను శాస్త్రజ్ఞులు 2008లో చూపిరి.

ఐతే చక్కెర ఒక్కటియే సర్వము కాదు. అమెరికాలోని డ్యూర్ అను శాస్త్రజ్ఞుడు 1981లో పత్తిగింజలను పరిశోధించుచు, గింజ ముదురు దశలో మాత్రమే విస్తారముగా పుట్టు కొన్ని మాంసకృత్తులను గుర్తించెను. నీరున్నప్పుడు ఇవి ముడిపడని దారములవలె వదులుగా నుండును. నీరు తగ్గుచున్నకొలది చుట్టుకొని ఆకారము పొంది, తక్కిన మాంసకృత్తుల నడుమ అడ్డు నిలిచి, అవి ముద్దకట్టకుండ కాపాడును. ఎండు వేళకే పుట్టిన కాపలావాండ్రని వీనిని అనవచ్చును. ఇట్టివి మొక్కలలోనే కాక ఆఫ్రికా పురుగులోను, చక్రజీవులలోను బయటపడినవి. విశేషమేమనగా లీవెన్‌హుక్ చూచిన జాతి చక్రజీవులలో ట్రెహలోసు కనబడలేదు. గోడమీది పాచిలో నివసించు, ఎనిమిది కాళ్ళ నీటి ఎలుగు అను అతిసూక్ష్మజీవికి తన సొంత మాంసకృత్తులు వేఱుగా నున్నవని, అవియే గాజువలె బిగిసి దానిని కాపాడుచున్నవని 2017లో తెలిసినది. తెగిన డి.ఎన్.ఎ. దారమును మాత్రము ఎండియుండగా అతుకుటకు వీలులేదు. చక్రజీవులు నీరు తగిలినపిదప తెగిన కొనలను వెదకి అతుకుకొనును. గింజయు నానుచుండగా మొదట చేయు పనులలో ఇట్టి మరమ్మతు ఒకటి.

ఇక ఈ జ్ఞానమును మన పొలమునకు తెత్తము.

అన్ని గింజలకును ఈ విద్య లేదు. వరి, జొన్న, కంది, పెసర వంటివి తల్లిమొక్క మీదనే మెల్లగా ఎండుచు చక్కెరను, కాపలా మాంసకృత్తులను కూర్చుకొనును. మామిడిటెంకను, పనసగింజను ఎండబెట్టి దాచినచో మొలవవని మీరెఱుగుదురు. ఎండకముందే నేలలో పడి మొలచుట వాని పద్ధతి. పచ్చిగా కోసిన వరి, జొన్నలును కొంతవఱకు ఇట్టివే. సిద్ధపాటు ముగియకముందే ఎండిన గింజ, చూచుటకు బాగుగానే యున్నను, దాచిన నిలువదు. విత్తనమునకు విడిచిన మడిని పూర్తిగా పండనిచ్చి కోయుమని పూర్వులు చెప్పుటకు కారణమిది.

రెండవ సంగతి తొలకరిది. విత్తినపిదప చిన్న జల్లు పడి, తరువాత పదునైదు దినములు వాన మొగము చాటుచేసినచో ఏమగును? మొలక వేరు బయటికి రాకముందు నేల ఎండినచో గింజ చాలవఱకు మరల ఎండి, మరుసటి వానకు లేవగలదు. వేరు బయటికి వచ్చినపిదప ఎండినచో చచ్చును. ఏలయన మొలచుటకై గింజ ఆ చక్కెరను ఖర్చుపెట్టినది, కాపలావాండ్రను పంపివేసినది. మరల సిద్ధపడు శక్తి దానికి లేదు. పొడిదుక్కిలో విత్తిన గింజ పెద్ద వానకొఱకు వేచియుండగా, సగము పదునులో విత్తిన గింజ మొలచి మాడిపోవుట మీలో పెక్కుమంది చూచియుందురు. విత్తుటకు చాలినంత పదును వచ్చినదా లేదా యని ఒకటికి రెండుసార్లు నేలను త్రవ్వి చూచుట ఇందుకే.

మూడవది దాచుట. ముసురుపట్టిన శ్రావణమాసమున పాకపుబిళ్ళ చెమ్మగిల్లి చేతికి అంటుకొనును గదా! గింజలోని గాజును అట్లే గాలిలోని తేమ వదులు చేయును. అప్పుడు అణువులు కదలసాగును; చెడుట మొదలగును. చెడినదానిని బాగుచేసికొనుటకు మాత్రము ఆ తేమ చాలదు. పూర్తిగా ఎండిన గింజ మిక్కిలి మెల్లగా చెడును. పూర్తిగా నానిన గింజ తన్ను తాను బాగుచేసికొనును. నడుమనున్న సగము చెమ్మయే అన్నిటికంటె చేటు.

దీనికి కాలిఫోర్నియా ఆచార్యుడు హారింగ్టన్ ఒక సులభమైన లెక్క చెప్పెను. గింజలోని తేమ నూటికి 5 మొదలు 14 పాళ్ళ నడుమ నున్నప్పుడు, ఒక్క పాలు తగ్గించినకొలది దాని ఆయువు రెట్టింపగును. అట్లే నిలువచేయు చోటి వేడి సుమారు 5 డిగ్రీలు తగ్గినకొలది ఆయువు మరల రెట్టింపగును. ఈ లెక్కప్రకారము 14 పాళ్ళ తేమగల విత్తనముకంటె 10 పాళ్ళ తేమగల విత్తనము 16 రెట్లు నిలుచును. నాలుగు పాళ్ళ చెమ్మకు పదునాఱు రెట్ల ఆయువు!

ఈ లెక్కను నమ్మియే హైదరాబాదు చేరువ పటాన్‌చెరువులో, 1972లో స్థాపింపబడిన ఇక్రిశాట్ సంస్థవారు జొన్న, సజ్జ, శనగ, కంది, వేరుశనగ, చిరుధాన్యముల రకములను లక్షా ఇరువదివేలకు పైగా దాచియున్నారు. గింజలను చల్లని పొడిగాలిలో మెల్లగా ఆఱబెట్టి, గాలి చొరకుండ మూసి, దీర్ఘకాలపు నిలువను సున్నకు దిగువ 20 డిగ్రీల చలిలో నుంచుదురు. పొలములనుండి మాయమైన పాతరకములు కొన్ని అక్కడ ఈ గాజునిద్రలో నున్నవి. ఆ నిద్ర ఎంతకాలము సాగగలదో ఒక తామరగింజ చూపినది. ఈశాన్య చైనాలో ఎండిన చెఱువు అడుగున దొరకిన సుమారు 1,300 సంవత్సరముల నాటి గింజ మొలకెత్తెనని షెన్-మిల్లర్ అను శాస్త్రజ్ఞురాలు 1995లో తెలిపెను.

మనుష్యుల ప్రాణములనుకూడ ఈ విద్య కాపాడినది. మశూచికపు టీకామందు ద్రవముగా నున్నంతకాలము మన ఎండలకు త్వరలో శక్తి కోల్పోవుచుండెను. 1950 తరువాతి సంవత్సరములలో లండనులో కోలియర్ అను వైద్యుడు, దానికి పెప్టోను అను మాంసకృత్తుల సారమును చేర్చి, గడ్డకట్టించి ఎండబెట్టు పద్ధతిని సిద్ధపఱచెను. ఆ పొడిమందు మంచుపెట్టె లేని పల్లెలకును శక్తి చెడకుండ చేరెను. మన దేశములో మశూచికము 1975తో అంతరించినది. 1980లో లోకమంతట అంతరించినట్లు ప్రపంచ ఆరోగ్యసంస్థ ప్రకటించెను.

ఇక చేయవలసిన పనులు చెప్పి ముగింతును. విత్తనమును పూర్తిగా పండినపిదప కోయుడు. తడిగింజను నడిమధ్యాహ్నపు తీవ్రమైన ఎండలో పలుచగా పోసి ఒక్కపూటలో మాడ్చకుడు. ఉదయపు ఎండలో, గాలి తగులునట్లు, తిరుగవేయుచు రెండు మూడు దినములు ఆఱనిండు. ఆఱినదో లేదో తెలియుటకు, పొడి గాజుసీసాలో కొన్ని గింజలను పొడి ఉప్పుతో కలిపి బాగుగా కుదుపుడు. ఉప్పు సీసా గోడకు అంటుకొన్నచో ఇంకను చెమ్మ ఎక్కువగా నున్నది. ఆఱినపిదపనే గాలి చొరని పాత్రలో పోసి మూత బిగింపుడు. చెమ్మగింజను బిగించి మూయుట తెరచి యుంచుటకంటె కీడు. ప్రభుత్వము నిర్ణయించిన ప్రమాణములలో మామూలు సంచిలోని వరివిత్తనమునకు 13 పాళ్ళ తేమవఱకు అనుమతియున్నను, ఆవిరి చొరని సంచిలో మూయుదానికి 8 పాళ్ళకు మించరాదనుట ఇందుకే. పాత్రలో అడుగున, బాగుగా వేచి చల్లార్చిన బియ్యమును ఒక గుడ్డమూటలో ఉంచినచో మిగిలిన చెమ్మను అది పీల్చుకొనును. వానకాలమున ఊరక మూత తీసి చూడకుడు.

విత్తుటకు పది దినములు ముందుగా నూఱు గింజలను లెక్కపెట్టి తడిగుడ్డలో చుట్టి, ఎన్ని మొలచినవో చూడుడు. వరియైనచో ఎనుబదికి తగ్గినప్పుడు వేఱు విత్తనము వెదకుకొనుటకు మీకు ఇంకను వ్యవధి యుండును. పొలములో విత్తినపిదప తెలియుటకంటె, గుడ్డలో ముందే తెలియుట మేలు.